ఆవలి ఒడ్డు తాడు

కూర్మయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు వచ్చి "ఎందుకు?" అని అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. ఎక్కడికో ఒక చోటికి పంపేవారు. కోపం ఎందుకు వస్తుందని అడిగినవాణ్ణి సున్నపు బట్టీలో నెల్లాళ్లు పనికి పెట్టారు. చావంటే భయం ఎందుకని అడిగినవాణ్ణి మంత్రసాని ఇంటికి నీళ్లు మొయ్యడానికి పంపారు. వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ ఆయన ఉండే కొండ ఎక్కలేదు. ఎక్కినవాళ్లు మాత్రం అదే ప్రశ్న రెండోసారి అడగలేదు.

చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పైడిరాజు నడివయసులో ఒకనాడు మళ్లీ వచ్చాడు. కారు కొండ కింద వదిలి, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. అతను రాజ్యమేలుతున్న పార్టీకి మాటల మనిషి. నాయకుడు వేదిక మీద పలికే ప్రతి మాటా ముందు పైడిరాజు కలంలోంచి రావలసిందే. పదేళ్ల కిందట ఆ పార్టీని జనం భుజాల మీద మోసి గద్దె ఎక్కించారు. ఈ పదేళ్లలో పార్టీ సరిహద్దులో రెండు యుద్ధాలు చేసింది. రెండూ గెలిచానని చెప్పుకుంది. యుద్ధం పేరు చెప్పి ఇంటికొక కొడుకును అడిగింది. తినే బియ్యం మీద పన్ను వేసింది. సరిహద్దుకు అవతల చుట్టాలున్నవాళ్ల మీద నిఘా పెట్టింది. ఇదేమిటని అడిగినవాళ్లను ద్రోహులంది. ఇప్పుడు వరసగా ఏడు ఉప ఎన్నికలు జరిగితే ఏడింటిలోనూ ఓడింది. ఎందుకు ఓడామో మూడు నెలల్లో ఒక ఉత్తరం రాసి తెమ్మని పార్టీ పెద్ద పైడిరాజుకు పురమాయించాడు. "నీ ఉత్తరం చూశాకే మూడో యుద్ధం సంగతి తేలుస్తాను" అన్నాడు.

"జనానికి మేం ఏం తక్కువ చేశాం గురువుగారూ?" అన్నాడు పైడిరాజు. "రోడ్లు వేశాం. శత్రువును తరిమాం. దేశం పేరు నిలబెట్టాం. అయినా మా మొహం చూడ్డం లేదు. ఎందుకు?"

"నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగారు గురువుగారు.

"చెప్పడంలో లోపం. మేం చేసింది మంచిదే. జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాం."

గురువుగారు చాలాసేపు అతని చేతుల వంక చూశారు. కలం పట్టిన వేలి మీద తప్ప ఎక్కడా కాయ లేని చేతులు.

"గవ్వలమొగ వెళ్లు," అన్నారు. "సముద్రపు ఒడ్డున ఉంది. కొర్లయ్య అనే ఆయన దగ్గర ఉండు. మూడు నెలలు నిండాక నేనే వస్తాను."

"అక్కడ నేను ఏం చెయ్యాలి?"

"అక్కడ తాడు ఉంటుంది," అన్నారు గురువుగారు.

గవ్వలమొగ దగ్గర ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటునే వాళ్లు మొగ అంటారు. ఈవలి ఒడ్డున గవ్వలమొగ, ఆవలి ఒడ్డున సరుగు తోటల వెనక సరుగుదిబ్బ. రెండూ చేపలు పట్టే ఊళ్లే. ఈ ఊరి పిల్లలు ఆ ఊరి కోడళ్లు, ఆ ఊరి పిల్లలు ఈ ఊరి కోడళ్లు. రెండు ఊళ్లకూ కలిపి ఒకటే పెద్దవల. పోటు వచ్చే వేళకు పడవ మీద పోయి ఆ వలను మొగకు ఎదురుగా సముద్రంలో దింపుతారు. దాని ఒక కొస తాడు ఈ ఒడ్డుకు వస్తుంది, రెండో కొస తాడు ఆ ఒడ్డుకు పోతుంది. రెండు ఒడ్లవాళ్లూ సమంగా లాగితే వల సంచి మొగ మధ్యలో ఉన్న ఇసుక మేట మీదికి వచ్చి కూర్చుంటుంది. ఒకవైపు బలం తగ్గిందా, సంచి ఒరిగిపోయి చేప జారుకుంటుంది. ఒక దినం పడ్డ చేప ఈ ఊరిది, మర్నాటిది ఆ ఊరిది. ఎవరి దినమైనా రెండు ఊళ్లూ లాగవలసిందే. ఆ దినం ఏ ఊరిదైతే ఆ ఒడ్డు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకూ, ఆడదైనా, ముసలైనా, కుంటివాడైనా, దారిన పోతూ ఆగిన పరాయివాడైనా, వాటా ఉంది. ఈ కట్టుబాటు ఎవరూ రాసిపెట్టలేదు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు.

వలకు పెద్దను ఎన్నుకునే పద్ధతి కూడా అలాంటిదే. పెద్ద కావాలనుకున్నవాడు తాడు ముందు నిలబడి "హైలెస్సా!" అని పిలుస్తాడు. ఆ పిలుపుకు చేతులు తాడు మీద పడితే అతనే పెద్ద. పడకపోతే కాడు. అంతే.

నాలుగేళ్లుగా కొర్లయ్య పిలుపుకు చేతులు పడుతున్నాయి. ఒక తుపానులో వల కొట్టుకుపోతుంటే ప్రాణానికి తెగించి ఈదిపోయి కొస అందుకున్న మనిషి అతను. పెద్ద గొంతు, ఇంకా పెద్ద గుండె. పైడిరాజుకు తన వలల పాకలోనే పక్క వేయించాడు. తెల్లబట్టల్లో, జేబులో రెండు కలాలతో దిగిన పైడిరాజుకు ఊరు మూడో రోజుకే రాతలబాబు అని పేరు పెట్టింది.

అతను వచ్చిన రెండో వారంలో సరుగుదిబ్బవాళ్ల దినాన చేప విరగబడింది. మర్నాడు గవ్వలమొగ దినాన వల ఖాళీగా వచ్చింది. ఆ మర్నాడు మళ్లీ వాళ్లకే పడింది. కొర్లయ్య ఇసుకలో కాలితో తన్ని, "మన చేప వాళ్లు తింటన్నారు," అన్నాడు. "మొగ మనది. రెండొడ్లూ మనవే కావాలి."

యాభై మంది తెడ్లు పట్టుకుని ఆవలి ఒడ్డుకు దాటారు. సరుగుదిబ్బలో నాలుగు తలలు పగిలాయి. మిగిలినవాళ్లు తోటల వెనక్కి తగ్గారు. ఆవలి ఒడ్డున ఎర్రగుడ్డ ఎగరేసి కొర్లయ్య తిరిగి వచ్చేసరికి ఊరు డప్పులతో ఎదురొచ్చింది. ఇక రోజూ మన దినమే గదా అని అందరూ సంబరపడ్డారు. సరుగుదిబ్బకు కూతుర్నిచ్చిన నూకాలు కూడా ఆ సాయంత్రం నవ్వింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గనక ఈ మాట చెప్పవలసి వచ్చింది. పైడిరాజు ఒక చెక్క మీద సున్నంతో "మొగ మనది, గెలుపు మనది" అని రాసి పాతించాడు. కొర్లయ్య ఆ అక్షరాలను వేళ్లతో తడిమి, "నువ్వు ముందే వచ్చి ఉండాల్సింది బాబూ," అన్నాడు.

మర్నాడు పోటు వేళకు వల దించాక గాని ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. ఆవలి ఒడ్డు తాడు పట్టేది ఎవరు?

ముప్పై మంది మగవాళ్లను అక్కడికి పంపవలసి వచ్చింది. సరుగుదిబ్బవాళ్లు మీద పడకుండా పదిమంది తెడ్లతో కాపలా, ఇరవైమంది తాడు మీద. దాంతో ఈవలి తాడు మీద ఆడవాళ్లూ ముసలివాళ్లూ మిగిలారు. వల ఒరిగింది. సగం చేప జారిపోయింది. ఆవలి ఒడ్డున ఉండేవాళ్లకు ప్రాణభయం, ఇంటికి దూరం. ఒకరిద్దరు "మేం వెళ్లం" అన్నారు. కొర్లయ్య ఆలోచించి వాళ్లకు రెండు వాటాలు ఇస్తానన్నాడు. ఆ రెండో వాటా ఎక్కణ్ణించి రావాలి? ఈవలి తాడు లాగేవాళ్ల వాటాలోంచే వచ్చింది. వాళ్లకు సగం అయింది. కుంటివాళ్లకూ దారినపోయేవాళ్లకూ అసలు లేకుండా పోయింది.

"దీనికి మంచి పేరు పెడదాం," అన్నాడు పైడిరాజు. "ఆవలి ఒడ్డు వాటాను వీరవాటా అందాం. సగం వాటాను త్యాగవాటా అందాం. పేరు బాగుంటే మనసుకు పడుతుంది."

పేరు బాగానే ఉంది. చట్టిలో చేప మాత్రం పేరును బట్టి పెరగలేదు.

తర్వాత కొర్లయ్య మరో కట్టడి చేశాడు. కాపలావాళ్లు తప్ప ఊళ్లో ఎవరూ ఆవలి ఒడ్డుకు పోకూడదు, అక్కడివాళ్లతో మాట్లాడకూడదు. పైడిరాజు దానికీ ఒక చెక్క రాశాడు: "ఒడ్డు దాటని ప్రేమే ఊరి మీద ప్రేమ." ఆ చెక్కకు సున్నం ఆరకముందే నూకాలు కొర్లయ్య ఇంటికి వచ్చింది. ఆమెకు యాభై దాటాయి. భర్త సముద్రంలో పోయాడు. కొడుకు దానయ్య ఆవలి ఒడ్డు కాపలాలో ఉన్నాడు. కూతురు సరుగుదిబ్బలో నిండు గర్భిణి. ఊళ్లో చిన్నా పెద్దా ఆమెను అప్పా అనే పిలుస్తారు.

"కొర్లయ్యా, పిల్లకి నెలలు నిండాయి. నానెల్లాలి."

"దారి మూసేశాం గదా అప్పా. అటెల్లినోళ్లు మన సంగతులు అక్కడ సెప్పేత్తారు."

"నొప్పులు పడతన్న పిల్లకి నాను సెప్పే సంగతులేటిరా? కాయం ఎలా నూరాలో సెప్తాను. నడుం ఎలా కట్టాలో సెప్తాను. అదీ మొగ రగస్యమేనా?"

అరుగు మీద ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. కొర్లయ్యకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు. "ఒకళ్లకి ఒదిల్తే అందరికీ ఒదలాల. నువ్వే అర్థం సేసుకోవాలి అప్పా."

"అర్థమైంది," అంది నూకాలు. లేచి వెళ్లిపోయింది.

ఆ మాట పైడిరాజుకు బాగా నచ్చింది. చెక్క పనిచేసిందనుకున్నాడు.

రెండో కొట్లాట నెల తిరగకుండా వచ్చింది. మొదటిది మొగను గెలవడానికి చేసింది. రెండోది ఆ గెలుపును పోగొట్టుకోకుండా ఉండటానికి చేయవలసి వచ్చింది. సరుగుదిబ్బవాళ్లు తెల్లవారుతుండగా వచ్చి తమ ఒడ్డు తాము పట్టుకోబోయారు. తెడ్లు విరిగాయి. ఇసుక తడిసింది. వాళ్లు వెనక్కి పోయారు కాబట్టి ఇదీ గెలుపే అన్నారు. దానయ్యకు కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. గాయం మానేదాకా తాడు పట్టే వీలు లేదు. బలంగా లాగలేనివాడికి వాటా లేదని కొత్త కట్టడి ఉండనే ఉంది. ఆ కట్టడి మారిస్తే రేపు ఇంకొకడు అడుగుతాడని కొర్లయ్య భయపడ్డాడు. అందుకని ఊరందరి ముందూ దానయ్యకు జరీ తలపాగా చుట్టించాడు. పైడిరాజు రాసిచ్చిన నాలుగు మంచి మాటలు చదివించాడు.

దానయ్య తలపాగా విప్పి తల్లి చేతిలో పెట్టాడు. "అమ్మా, ఇది పులుసెడతావా, ఏపుడు సేత్తావా?" అన్నాడు.

ఈసారి జనం నవ్వలేదు.

మరో వారానికి నూకాలు కూతురు ప్రసవించింది. ఆ కబురు సరుగుదిబ్బ ఆడవాళ్లు ముగ్గురు ఆవలి ఒడ్డు దాకా వచ్చి, నీళ్ల మీదుగా కేకవేసి చెప్పారు. "ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు!" నూకాలు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చెవి మీద చెయ్యి పెట్టుకుని విన్నది. కాపలావాళ్లు తెడ్లు ఎత్తి ఆ ముగ్గుర్నీ తరిమారు. తరిమినవాళ్లలో ఒకడు నూకాలు సొంత మరిది కొడుకు. అతను తర్వాత రెండు రోజులు అన్నం తినలేదని చెప్పుకున్నారు.

చేప తగ్గుతూ వచ్చింది. చెక్కలు పెరుగుతూ వచ్చాయి. "జనం గొణుగుతున్నారు బాబూ," అని కొర్లయ్య అంటే, "వాళ్లకి విషయం సరిగ్గా చేరలేదు, నేను చేరుస్తాను," అని పైడిరాజు ఇంకో చెక్క రాసేవాడు. ఊళ్లో ఎక్కడా పెద్ద గొడవ లేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరూ సభ పెట్టలేదు. పెట్టి ఉంటే పైడిరాజుకు తెలిసేది. ఆడవాళ్లు మంచినీళ్ల దగ్గర మాట్లాడుకుంటూ అతను వస్తే బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. దాన్ని అతను మర్యాద అనుకున్నాడు. పార్టీ పెద్దకు ఇవ్వవలసిన ఉత్తరం కూడా అప్పుడే మొదలుపెట్టాడు. "చెప్పడంలో లోపం జరిగింది" అన్నది అందులో మొదటి వాక్యం.

మూడు నెలలు నిండిన రోజు పొద్దున కూర్మయ్య గురువుగారు కర్ర ఊతంతో ఇసుకలో నడిచి వచ్చారు. తిరగేసిన ఒక తెప్ప మీద కూర్చున్నారు. ఆ పొద్దునే సముద్రం మీద పక్షులు ముసురుకున్నాయి. మొగకు ఎదురుగా నీళ్లు నల్లగా కదిలాయి. కవళ్ల చేపల గుంపు! అంత గుంపు రెండేళ్లుగా ఎవరూ చూడలేదు. వారాల తరబడి గంజి తాగిన ఊరు అది. ఆ గుంపు చేతికొస్తే వానలు దాటేదాకా ఎండుచేపకు లోటు లేదు. పోతే ఊరు వలస పోవలసిందే. కొర్లయ్య పరుగున పడవ తోయించి వల దించాడు. సంచిలో చేప నిండి, వలను తేల్చే తెల్ల బెండ్లు నీళ్లలోకి మునగసాగాయి. పోటు ఇక గంటసేపు కూడా లేదు. ఆటు మొదలైతే నిండిన సంచి వలతో సహా సముద్రంలోకి పోతుంది.

కొర్లయ్య తాడు ముందు నిలబడి తలపాగా బిగించాడు. "హైలెస్సా!" అని పిలిచాడు.

ఒక్క చెయ్యి పడలేదు.

ఊరంతా అక్కడే ఉంది. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంకలో పిల్లలున్న తల్లులు తాడు పొడుగునా బారుగా నిలబడి ఉన్నారు. అందరి చేతులూ వీపు వెనక ఉన్నాయి. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కూడా రెండో చెయ్యి వెనక పెట్టుకున్నారు. కొర్లయ్య ఆవలి ఒడ్డు వంక చూశాడు. అక్కడి ముప్పై మందీ తెడ్లు ఇసుకలో గుచ్చి కింద కూర్చుని ఉన్నారు.

"ఏటలా నిలబడిపోయారు? పట్టండి!"

"సూడ్డానికొచ్చాం," అన్నాడు సూరయ్య అనే ముసలాయన. "రెండొడ్లూ గెలిచినోడివి గదా. రెండు తాళ్లూ ఎలా లాగుతావో సూద్దావని."

బారులో ఒక నవ్వు ఆ కొస నుంచి ఈ కొసకు పాకింది. కొర్లయ్య మొహం ఎర్రబడింది. "ద్రోహులు! ఇయ్యాళ సెయ్యెయ్యనోడి పేరల్లా రాయిత్తాను!"

"రాయించు," అంది నూకాలు. "రాతలబాబు పక్కనే ఉన్నాడు. మొదట నా పేరు రాయించు."

పైడిరాజు ఆగలేకపోయాడు. పడవ అంచు ఎక్కి నిలబడ్డాడు. ఇటువంటి గడియలు అతను ఎన్నో చూశాడు. మాట తగలవలసిన చోట తగిలితే లక్షమంది కదులుతారు, రెండు వందలమంది ఎంత? "సోదరులారా, అమ్మలారా!" అని మొదలుపెట్టాడు. పూర్వీకుల పౌరుషం చెప్పాడు, రెండు గెలుపులు చెప్పాడు, దానయ్య తెగిన వేళ్లు చెప్పాడు. గొంతు బాగా పలికింది. చివరికి, "మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోవడం మా తప్పు..." అన్నాడు.

"ఆగు బాబూ," అంది నూకాలు. ఆమె గొంతు పెద్దదేం కాదు. అయినా అందరికీ వినపడింది. "అర్థం కాలేదని నీకెవులు సెప్పారు? నువ్వు మొదటి సెక్క పాతిన మర్నాడే అర్థమైంది. రెండో సెక్కకి ఇంకా బాగా అర్థమైంది. అర్థమైంది గాబట్టే ఇలా నిలబడ్డాం. దిగు. పడవ అంచు జారుద్ది."

పైడిరాజు దిగాడు. దిగుతూ తెప్ప వైపు చూశాడు. గురువుగారు సముద్రం వంక చూస్తున్నారు.

కొర్లయ్య పక్కన అతని ఇంటివాళ్లు ఆరుగురు ఉన్నారు. వాళ్లతోనే తాడు పట్టాడు. మడమలు ఇసుకలో తన్ని లాగాడు. తాడు ఒక బార వచ్చి, రెండు బారలు వెనక్కి పోయింది. ఆరుగురిలో ఇద్దరు బారులో ఉన్న తమ తల్లి మొహం చూసి తాడు వదిలేశారు. కాసేపటికి మిగిలిన నలుగురూ కూలబడ్డారు. కొర్లయ్య తాడును నడుముకు చుట్టుకున్నాడు. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడింది. మోకాళ్ల లోతు నీళ్లలోకి ఈడ్చుకుపోయినా వదల్లేదు. తుపానులో ఈదిపోయినవాడు ఆ మనిషే. ఆ సంగతి అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. కొందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం వీపు వెనకే ఉన్నాయి.

"అప్పా, వల పోద్ది," అన్నాడు కొర్లయ్య. అప్పటికి గొంతు తగ్గింది. "ఊరి వల అది."

"ఊరిదని గుర్తుందా?"

"తాడు ఒదిలెయ్యమంటావేటి?"

"తాడు ఒదలకు. పిలుపు ఒదులు."

కొర్లయ్య తల వంచుకున్నాడు. మళ్లీ పిలవలేదు. అతను పిలవకపోవడమే జవాబని ఊరు గ్రహించింది.

నూకాలు ఒక చెక్క పెరికి, దాని కొసకు తన భుజం మీది తువ్వాలు కట్టి, ఆవలి ఒడ్డు వైపు గాలిలో ఊపింది. సరుగు తోటల్లోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. తర్వాత పదిమంది వచ్చారు. తర్వాత ఊరు ఊరంతా వచ్చింది. వాళ్లూ చేతులు వెనక పెట్టుకునే వచ్చి తాడు పొడుగునా నిలబడ్డారు. కాపలావాళ్లు లేచి పక్కకు జరిగి చోటిచ్చారు. వాళ్లలో నూకాలు మరిది కొడుకు అందరికంటే ముందు జరిగాడు.

ఆ మొగలో అంతకుముందు ఆడగొంతు పిలిచిన దాఖలా లేదు. నూకాలు తాడు ముందు నిలబడి, "హైలెస్సా!" అంది. గొంతు మధ్యలో చీరుకుపోయింది.

రెండు ఒడ్ల మీదా ఒక్కసారే చేతులు పడ్డాయి.

పైడిరాజుకు తాను ఎప్పుడు కదిలాడో తెలీదు. దానయ్య వెనక తాడు మీద ఉన్నాడు. దానయ్య కట్టు కట్టిన కుడిచెయ్యి పక్కకు పెట్టి ఎడమచేత్తో లాగుతున్నాడు. "మెల్లిగా బాబూ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "ఉపన్యాసంలాగ ఒకేపాలి ఊపకు. పక్కోడి ఊపిరి సూసుకుని లాగు." పైడిరాజు పక్కవాడి ఊపిరి విన్నాడు. అరచేతులు మండాయి. బొబ్బలు లేచాయి, చిట్లాయి. సంచి నిటారుగా, ఒరక్కుండా, ఇసుక మేట మీదికి వచ్చి కూర్చుంది. కవళ్లు ఎండలో తళతళలాడాయి.

మేట మీద రెండు ఊళ్లూ కలుసుకున్నాయి. సరుగుదిబ్బవాళ్లలో తలకు మానిన గాటు ఉన్నవాడొకడు మూడు వేళ్లు లేని దానయ్యను చూసి చూపు దించుకున్నాడు. ఎవరూ కావలించుకోలేదు. క్షమాపణ మాట ఎత్తలేదు. అవి అంత తొందరగా తేలేవి కావు. ఆడవాళ్ల వెనక నూకాలు కూతురు పొత్తిళ్లతో నిలబడి ఉంది. నూకాలు అటు ఒక్కసారి చూసి, వాటాలు పంచడం అయ్యేదాకా అటు వెళ్లలేదు. చెయ్యి వేసినవాళ్లందరికీ సమంగా పెట్టింది. రాతలబాబుకూ ఒక తట్ట పెట్టింది. చివరికి ఒక వాటా మిగిలింది.

"అది ఎవులికి?" అని అడిగాడు దానయ్య.

"కొర్లయ్యకి."

"ఆడికా?" దానయ్య కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇది సేసినోడికా?"

"పొద్దున్నించి తాడు ఒదల్నేదు. తాడు పట్టినోడికి వాటా ఉంది. ఆ కట్టుబాటు తెంచినోడు ఆడు. మనం కాదు." ఆమె ఆ వాటా తీసుకెళ్లి, పడవ నీడలో ఒంటరిగా కూర్చున్న కొర్లయ్య ముందు పెట్టింది. తిరిగొచ్చి, అప్పుడు మనవరాలిని చేతుల్లోకి తీసుకుంది.

పొద్దు వాలుతుండగా పైడిరాజు గురువుగారి పక్కన తెప్ప మీద కూర్చున్నాడు. జేబులోంచి ఉత్తరం తీశాడు. "చెప్పడంలో లోపం జరిగింది" అన్న వాక్యం మీద అతని అరచేతి నెత్తురు అంటింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నీళ్లలో వేశాడు.

"మూడో యుద్ధం వద్దని రాస్తాను గురువుగారూ. మొదటి రెండూ తప్పని కూడా రాస్తాను. చదవగానే పార్టీ పెద్ద నన్ను గుమ్మం దిగమంటాడు. దిగుతాను. నా చేత్తో రాసిన చెక్కలన్నీ నా చేత్తోనే పీకుతాను."

గురువుగారు తల ఊపారు.

"ఒక్కటి మాత్రం నాకు తెగడం లేదు," అన్నాడు పైడిరాజు. "కొర్లయ్య చెడ్డవాడు కాడు. పిరికివాడూ కాడు. అందరూ వదిలేసినా అతను చివరిదాకా తాడు వదల్లేదు."

గురువుగారు కర్ర అందుకుని లేచారు.

"అతను వదలనిది ఈ ఒడ్డు తాడే," అన్నారు.